రన్‌వే పొడిగింపు మీద పర్యావరణ కేసు: స్టే గురించి ఆలోచించే ముందు తారీఖులు, నీటి దారులు చూసుకోండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరు చెన్నైలో మణపాక్కం దగ్గర ఫ్లాట్‌లో ఉంటున్నారు. మీనంబాక్కం విమానాశ్రయం రెండో రన్‌వేని పొడిగిస్తారన్న మాట ఎప్పటినుంచో మీ చెవిన పడుతోంది. అది నిజంగా మొదలైతే పర్యావరణం కారణంగా కోర్టుకెళ్ళి ఆపగలమా, ఎక్కడ వెయ్యాలి, ఎంతవుతుంది అని అడిగారు. మీ అసోసియేషన్‌లో సగం మంది స్టే తెచ్చేద్దామంటున్నారు. మిగతా సగం మంది ఎలాగూ కట్టేదే కడతారు, డబ్బు దండగ అంటున్నారు.

నేను చేపాక్కంలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచిలో, మద్రాసు హైకోర్టులో పర్యావరణ కేసులు చూసే లాయర్ని. 2012లో బెంచి మొదలైనప్పటినుంచి అక్కడ పని చేస్తున్నాను. ఊళ్ళవాళ్ళ తరఫున వాదించినవే ఎక్కువ, ప్రాజెక్టుల తరఫున కూడా కొన్ని చేశాను. అందువల్ల రెండు వైపుల ఫైళ్ళూ ఎలా ఉంటాయో తెలుసు.

ముందు జవాబు చెప్పేస్తాను. రన్‌వే పూర్తిగా ఆగిపోవడం చాలా అరుదు. అనుమతిని కొన్నాళ్ళు నిలిపివేయించడం, కమిటీ చేత మళ్ళీ చూపించడం, పూడ్చబోయే కాలువని కాపాడటం, కల్వర్టుల వెడల్పు పెంచించడం, రాత్రి మోత మీద కొలతలు పెట్టించడం మాత్రం సాధ్యమే. ఇవి చిన్న విషయాలని అనుకోకండి. మీ గ్రౌండ్ ఫ్లోర్‌లోకి నడుము లోతు నీళ్ళు వస్తాయా రావా అన్నది ఒక కల్వర్టు వెడల్పు మీద ఆధారపడి ఉండొచ్చు. ఇక ఈ కేసుల్లో గెలుపోటములు తేల్చేవి మూడే: దరఖాస్తులో ఏం దాచారు, ప్రజాభిప్రాయ సేకరణ ఎలా జరిపారు, మీరు ఎన్నో రోజున ట్రిబ్యునల్ మెట్లెక్కారు. ఎంత నష్టం జరుగుతుందో కన్నీళ్ళతో చెప్పినా, ఈ మూడింట్లో ఏదో ఒకటి చేతిలో లేకపోతే కేసు నిలబడదు.

ఎక్కడ వెయ్యాలన్నది సులువు. వాణిజ్య విమానాశ్రయాలన్నీ 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ మదింపు (ఈఐఏ) నోటిఫికేషన్‌లో 'ఎ' కేటగిరీ కిందికి వస్తాయి. అంటే అనుమతి ఇచ్చేది కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ. దానికి ముందు నిపుణుల మదింపు కమిటీ ఫైలు చూసి సిఫార్సు చేస్తుంది. ఉన్న విమానాశ్రయాన్ని విస్తరించాలన్నా ఇదే దారి. ఆ అనుమతి మీద అభ్యంతరం ఉంటే హరిత ట్రిబ్యునల్ చట్టం 16వ సెక్షన్ కింద అప్పీలు వేస్తారు. తమిళనాడు, ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక, కేరళ, పుదుచ్చేరి కేసులన్నీ ఇక్కడ చేపాక్కంలో ట్రిబ్యునల్ ఉన్న కలస మహల్‌కే వస్తాయి. శ్రీకాకుళం నుంచి రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చేవాళ్ళని చూస్తుంటాను. మీకది సిటీ బస్సు దూరం. నష్టపరిహారం అడగకపోతే ఫీజు 1000 రూపాయలు, అడిగితే ఆ మొత్తంలో 1 శాతం. లాయర్ లేకుండా మీరే వాదించుకోవడానికి కూడా వీలుంది. అసలు ఖర్చు జలశాస్త్రం తెలిసిన ఇంజనీరు రిపోర్టుకి, సర్వే మ్యాపులకి, శబ్దం కొలతలకి అవుతుంది. లాయర్ ఫీజులో తగ్గించుకోండి గానీ వీటిలో మాత్రం తగ్గించుకోవద్దు.

30 రోజుల లెక్క. అనుమతి తెలియజేసిన రోజు నుంచి 30 రోజుల్లో అప్పీలు వెయ్యాలి. ఆలస్యానికి తగిన కారణం చూపిస్తే ఇంకో 60 రోజుల వరకు ట్రిబ్యునల్ ఒప్పుకోవచ్చు. మొత్తం 90. తొంభై ఒకటో రోజున ఎంత అన్యాయం జరిగినా వినడానికి ట్రిబ్యునల్‌కి అధికారమే లేదు. ఆ లెక్క మీకు విషయం తెలిసిన రోజు నుంచి మొదలవదు. మంత్రిత్వ శాఖ వెబ్‌సైట్‌లో పెడుతుంది, ప్రాజెక్టు వాళ్ళు పేపర్లలో ప్రకటన వేస్తారు, స్థానిక సంస్థల నోటీసు బోర్డులో అతికిస్తారు. వీటిలో ఏది ముందు సరిగ్గా పూర్తయిందో అప్పటినుంచే రోజులు పడిపోతాయి.

ఇది ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. కొన్నేళ్ళ క్రితం ఒక ఊరివాళ్ళు పదిమంది వ్యాన్ కట్టించుకుని నా ఆఫీసుకి వచ్చారు. వాళ్ళ పెద్దమనిషి రిటైరైన స్కూలు మాస్టారు. స్పైరల్ బైండింగ్ చేయించిన ఫైలు నా ముందు పెట్టారు. ఫోటోలు, పంచాయతీ తీర్మానాలు, పిల్లలు కలెక్టరుకి రాసిన పోస్టుకార్డులు, అన్నీ పేజీ నంబర్లతో ఉన్నాయి. అంత శ్రద్ధగా తయారుచేసిన ఫైలు లాయర్ల దగ్గర కూడా అరుదుగా కనిపిస్తుంది. పేజీలు తిప్పుతుంటే పేపర్ కటింగ్ ఒకటి వచ్చింది. అనుమతి వచ్చిందని ప్రాజెక్టు వాళ్ళు వేసిన ప్రకటన అది. మాస్టారే ఎర్ర పెన్నుతో కింద గీత గీశారు. తేదీ చూస్తే నాలుగు నెలల పైమాటే. అది ఏదో మామూలు ప్రకటన అనుకున్నానండీ అన్నారాయన. నేను క్యాలెండర్ తీసి రోజులు లెక్కపెట్టి చూపించాల్సి వచ్చింది. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత హైకోర్టులో రిట్ వేశాం. ఇన్నాళ్ళు ఏం చేశారని అక్కడా అడిగారు, కేసు నిలబడలేదు.

ఈ కాలపరిమితి ఊళ్ళవాళ్ళ పట్ల చాలా కఠినమని నా అభిప్రాయం. వందల పేజీల ఇంగ్లీషు రిపోర్టు చదివి, అర్థం చేసుకుని, చందాలు పోగేసి, లాయర్ని వెతుక్కుని అప్పీలు వెయ్యడానికి ఒక నెల ఏ మూలకి సరిపోతుంది? కానీ చట్టం అలా ఉంది, దానికి తగ్గట్టు మనమే సిద్ధంగా ఉండాలి. అనుమతితో సంబంధం లేకుండా వేరే పర్యావరణ ఉల్లంఘన ఏదైనా జరుగుతుంటే, ఉదాహరణకి కాలువలో మట్టి పోస్తుంటే, 14వ సెక్షన్ కింద ఆరు నెలల గడువు ఉంటుంది. దాన్ని అప్పీలుకి బదులుగా వాడుకుందామంటే మాత్రం ట్రిబ్యునల్ ఒప్పుకోదు.

ఇప్పుడు ఏ వాదనలు నిలబడతాయో చూద్దాం. మన బెంచిలోనే తేలిన కేసు ఒకటుంది. కేరళలో పంబా నది ఒడ్డున ఆరన్ముళ విమానాశ్రయానికి ఇచ్చిన అనుమతిని 2014 మే నెలలో ఇక్కడే కొట్టేశారు. పూడ్చిన పొలాలు, వాగు గురించి ఊళ్ళో ఎంతో పోరాటం జరిగింది. కానీ తీర్పులో బరువైన కారణాలు వేరే ఉన్నాయి. అధ్యయనం చేసిన సంస్థకి విమానాశ్రయాల విషయంలో గుర్తింపు లేదు, ప్రజాభిప్రాయ సేకరణ నిబంధనల ప్రకారం జరగలేదు. సుప్రీం కోర్టు కూడా ఆ తీర్పునే సమర్థించింది. ఈ దేశంలో విమానాశ్రయం నిజంగా ఆగిన కేసు అంటే నాకు ముందు ఇదే గుర్తొస్తుంది.

రెండోది గోవాలోని మోపా. 2015లో ఇచ్చిన అనుమతిని ట్రిబ్యునల్ సమర్థిస్తే, 2019 మార్చి 29న సుప్రీం కోర్టు దాన్ని నిలిపివేసింది. దరఖాస్తుతో ఇచ్చే ఫారం-1లో చుట్టుపక్కల అడవులు, సున్నిత ప్రాంతాల వివరాలు సరిగ్గా చెప్పలేదన్నది ప్రధానమైన తప్పు. అక్కడ నరకాల్సి ఉన్న చెట్లు 54,676. ట్రిబ్యునల్ పైపైన చూసి వదిలేయకూడదు, విషయం లోతుల్లోకి వెళ్ళి తేల్చాలి అని కూడా ఆ తీర్పు గట్టిగా చెప్పింది. ఇప్పటికీ మేం వాదనల్లో దాన్నే చదువుతాం. మరి తర్వాత ఏమైంది? నిపుణుల కమిటీ మళ్ళీ చూసింది, కొత్త షరతులు వచ్చాయి, 2020 జనవరిలో కోర్టు నిలిపివేతను ఎత్తేసి షరతుల అమలును చూడమని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీకి అప్పగించింది. 2022 డిసెంబరులో విమానాశ్రయం ప్రారంభమైంది. అంత పెద్ద విజయం కూడా చివరికి షరతుల దగ్గరే ఆగింది. మీ అసోసియేషన్‌లో స్టే కావాలంటున్నవాళ్ళకి ఈ కేసు మొత్తం చెప్పండి, మొదటి సగం మాత్రమే కాదు.

ప్రజాభిప్రాయ సేకరణ రోజే మీ కేసు మొదలవుతుంది. చాలామంది దాన్ని మొక్కుబడి అనుకుని బహిష్కరిస్తారు, లేకపోతే వెళ్ళి నినాదాలు చేసి వచ్చేస్తారు. ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ ఆ సభకి కోరం అక్కర్లేదు. మీరు రాకపోయినా సభ జరిగినట్టే లెక్క. కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇచ్చారా, ప్రాంతీయ భాషలో సారాంశం ఇచ్చారా, కలెక్టరు గానీ తగిన స్థాయి అధికారి గానీ అధ్యక్షత వహించారా, వీడియో తీశారా, చివర్లో మినిట్స్ స్థానిక భాషలో చదివి వినిపించారా అన్నవి ఒక్కొక్కటీ రాసుకోండి. నోటి మాటతో పాటు రాతపూర్వక అభ్యంతరం ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి.

దీనికి నా కేసే ఒకటి చెబుతాను. తమిళనాడులోనే ఒక విమానాశ్రయ విస్తరణ. ఈఐఏ రిపోర్టులో ఒక వాక్యం ఉంది: ప్రాజెక్టు స్థలంలో నీటి వనరులేవీ లేవు. ఆ ఊళ్ళో డెబ్బై ఏళ్ళ రైతు ఒకాయన ఉన్నారు. ఇంట్లో తెలుగు, బయట తమిళం. మా తాతలు నెల్లూరు వైపు నుంచి వచ్చారని నేనంటే, మా వాళ్ళు ఎప్పుడొచ్చారో మాకే తెలియదు బాబూ అన్నారు. తాలూకా ఆఫీసు చుట్టూ తిరిగి పొలం కొలతల పటాల నకళ్ళు తెచ్చుకున్నారు. వాటిని నా కారు బానెట్ మీద పరిచి, గాలికి ఎగిరిపోకుండా నాలుగు మూలలా రాళ్ళు పెట్టి చూపించారు. పొలం గట్ల గీతల మధ్యలో ఏటవాలుగా రెండు జంట గీతలు, అంటే రెండు కాలువలు, వెళుతున్నాయి. ఆ సర్వే నంబరు అడంగల్‌లో చూస్తే ఓడై పోరంబోకు అని ఉంది. మనం వాగు పోరంబోకు అంటాం కదా, అదే. ఎగువ చెరువు అలుగు పారితే ఆ నీళ్ళు వచ్చేది అందులోంచే. కొత్త రన్‌వే సరిగ్గా దాని మీదుగా వెళుతుంది.

సభలో ఆయన మాట్లాడింది నాలుగు నిమిషాలు. సర్వే నంబరు చెప్పారు, పటం చూపించారు, నకలు ఇచ్చారు. ఉద్యోగం, నష్టపరిహారం, విమానాల మోత, ఏదీ ఎత్తలేదు. సభ ముగిసే ముందు మినిట్స్ చదవండి అని మేం పట్టుబట్టాం. అందులో ఆయన మాట ఒక్క లైను ఉంది, సర్వే నంబరు లేదు. మళ్ళీ లేచి నంబరు రాయించారు. ఏడాది తర్వాత ట్రిబ్యునల్‌లో ప్రాజెక్టు లాయరు ఈ కాలువ గురించి ముందెవరూ చెప్పలేదని వాదించబోతే, ఆ ఒక్క లైను తీసి చూపించాం.

అప్పుడు వాళ్ళు మాట మార్చారు. కాగితం మీద కాలువ ఉండొచ్చు గానీ నేల మీద లేదన్నారు. ట్రిబ్యునల్ జాయింట్ కమిటీ వేసింది. కమిటీ వచ్చే రోజు వాయిదా రోజు కంటే ముఖ్యం, గుర్తుంచుకోండి. వాళ్ళు మే నెలలో వచ్చారు. చుక్క నీరు లేదు, అంతా సర్కారు తుమ్మ కమ్మేసింది. అధికారులు రోడ్డు మీదే నిలబడి ఫోటోలు తీసి వెళ్ళిపోబోతుంటే, ఈయన కత్తితో ముళ్ళకంప నరుక్కుంటూ ముందు నడిచారు. వంద అడుగులు లోపలికి వెళ్ళాక పాత తూము కనిపించింది. రెండు నిలువు రాళ్ళు, వాటిలో తలుపు చెక్క దిగడానికి చెక్కిన గాడి. కమిటీలో ఉన్న ఇంజనీరు వంగి ఆ గాడిలో వేలు పెట్టి చూశారు. రిపోర్టులో ఆ తూము ఫోటో వచ్చింది.

అనుమతి రద్దవలేదు. ఫైలు మళ్ళీ కమిటీకి వెళ్ళింది. రెవెన్యూ రికార్డులో ఉన్న పూర్తి వెడల్పుతో కాలువని బాగుచేయాలని, రన్‌వే కింద ఎక్కువ ఖానాల కల్వర్టు కట్టాకే మట్టి పని మొదలుపెట్టాలని షరతు పడింది. అంతా కలిపి రెండున్నరేళ్ళు పట్టింది. రెండో జంట గీత ఉన్న చోట అప్పటికే మట్టి పోసేశారు, దాన్ని కాపాడలేకపోయాం. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. మొదటి కాలువలో ఆ ఏడు ఈశాన్య రుతుపవనాలకి నీళ్ళు పారాయి. రైతు మనవడు వీడియో పంపాడు.

అందుకే మీకు నా సలహా: చెన్నైలో మోత కంటే నీళ్ళ వాదన బలమైనది. మీనంబాక్కం రెండో రన్‌వే ఇప్పటికే అడయార్ నది మీద వంతెన కట్టి దాని మీదుగా వెళుతోంది. చెంబరంబాక్కం మిగులు నీళ్ళు తిరునీర్మలై దగ్గర ఆ నదిలో కలిసి ఇటే వస్తాయి. 2015 డిసెంబరు 1, 2 తేదీల్లో ఏం జరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు. రన్‌వే మీదికి నీళ్ళొచ్చి విమానాశ్రయం కొన్ని రోజుల పాటు మూతపడింది. 2023 డిసెంబరు మిగ్‌జాం తుపానుకి మళ్ళీ మూశారు. వరద విమానాశ్రయానికి కూడా నష్టమే కాబట్టి ఈ వాదనని అభివృద్ధికి అడ్డమని ఎవరూ కొట్టిపారెయ్యలేరు.

పొడిగింపు రిపోర్టు ఎప్పుడొచ్చినా అందులో మూడు విషయాలు వెతకండి. వరద లెక్కల్లో 2015 ప్రవాహం ఉందా, లేక పాత వర్షపాతం లెక్కలతో సరిపెట్టారా? నేల ఎత్తు పెంచడానికి ఎంత మట్టి పోస్తారు, అక్కడ ఇదివరకు నిలిచే నీళ్ళు ఇప్పుడు ఎటు పోతాయి? నదికి ఎగువన, దిగువన రెండు వైపులా నీటిమట్టం ఎంత మారుతుందో చూపించారా, లేక ప్రహరీ గోడ లోపలి డ్రైనేజీ మాత్రమే చూపించారా? మూడో ప్రశ్నకి సరైన జవాబు ఉన్న రిపోర్టులు నేను చూసినవాటిలో తక్కువే.

మోత సంగతి. మీరు రోజూ అనుభవించేది అదే, అందుకే కేసంతా దాని చుట్టూ కట్టాలనిపిస్తుంది. 2018 జూన్‌లో వచ్చిన నిబంధనల ప్రకారం ఏడాదికి 50,000 పైగా రాకపోకలున్న విమానాశ్రయాల చుట్టూ పగలు 70, రాత్రి 65 డెసిబెల్స్ పరిమితి. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 వరకు. మామూలు నివాస ప్రాంతాలకి ఉన్న 55, 45 ఇక్కడ అక్కరకు రావు. పైగా ఇది ఒక్క విమానం చేసే మోత కాదు, మొత్తం వ్యవధికి తీసే సగటు. ఒక లెక్క చూడండి. గంటకి పది విమానాలు, ఒక్కొక్కటి 30 సెకన్ల పాటు 80 డెసిబెల్స్ మోత పెడితే గంట సగటు సుమారు 69 వస్తుంది. మీ పాప ఉలిక్కిపడి లేచి ఏడుస్తుంది, కాగితం మీద మాత్రం పగటి పరిమితి లోపలే ఉంటారు. అదే మోత రాత్రిపూట గంటకి నాలుగు విమానాలతోనే 65 దగ్గరికి చేరిపోతుంది. అంటే మీకు పట్టు ఎక్కడైనా దొరికితే రాత్రిళ్ళే దొరుకుతుంది. పగటి మోత మీద శక్తి పెట్టకండి.

ఫోన్‌లో యాప్ పెట్టి కొలిచి స్క్రీన్‌షాట్లు తెస్తారు చాలామంది. వాటిని ట్రిబ్యునల్ పట్టించుకోదు. గుర్తింపు ఉన్న ల్యాబ్ చేత మీ టెర్రస్ మీద కనీసం కొన్ని పూర్తి రాత్రులు కొలిపించండి, లేదా కాలుష్య నియంత్రణ మండలి చేత కొలిపించమని ముందు దరఖాస్తు పెట్టండి. కిటికీలకి శబ్దం ఆపే అద్దాలు, దారి మళ్ళింపు, శాశ్వత కొలత కేంద్రాలు లాంటివి అడిగితే వినే అవకాశం ఉంది. విమానాలే వద్దంటే వినరు.

వాతావరణ మార్పు వాదన గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు. లండన్ హీత్రో మూడో రన్‌వే మీద 2020 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు పారిస్ ఒప్పందాన్ని పట్టించుకోలేదని ప్రభుత్వ విధానాన్ని తప్పుపట్టింది. అదే ఏడాది డిసెంబరులో సుప్రీం కోర్టు ఆ తీర్పును తిరగరాసింది. వియన్నాలోనూ అంతే. 2017 ఫిబ్రవరిలో మూడో రన్‌వేకి అనుమతి నిరాకరించారు, జూన్‌లో రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని కొట్టేసింది, మరుసటి ఏడాది అనుమతి వచ్చింది. మన సుప్రీం కోర్టు 2024లో వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణని హక్కుగా గుర్తించింది. అది గొప్ప మాట, అప్పీలులో ఒక పేరా రాయండి. కేసు మొత్తం దాని మీద నిలబెట్టకండి.

ఇక స్టే. మధ్యంతర ఉత్తర్వు కావాలంటే పైకి చూడగానే బలమైన కేసు కనిపించాలి, ఆపకపోతే మీకు జరిగే నష్టం ఆపితే వాళ్ళకి జరిగే నష్టం కంటే పెద్దదని, తర్వాత డబ్బుతో పూడ్చలేనిదని చూపించాలి. ప్రజావసరమైన ప్రాజెక్టుల్లో ఇది చాలా కష్టం. కాలువ పూడ్చడం, చెట్లు నరకడం లాంటి వెనక్కి తేలేని పనుల వరకే ఆపమని అడిగితే వచ్చే అవకాశం ఎక్కువ. నేను ఎప్పుడూ అలా ఒక్క పని మీదే అడుగుతాను. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. కేసు పనికిమాలినదని తేలితే 23వ సెక్షన్ కింద ఖర్చులు కట్టించే అధికారం ట్రిబ్యునల్‌కి ఉంది. మధ్యంతర ఉత్తర్వు వల్ల అవతలివాళ్ళు పోగొట్టుకున్న లాభం కూడా అందులో చేర్చవచ్చు. నిజాయితీగా వేసిన కేసుకి భయపడక్కర్లేదు, కానీ ఆధారం లేని ఆరోపణ ఒక్కటి కూడా రాయకండి.

భూమి ధర, నష్టపరిహారం గొడవలు ఈ ట్రిబ్యునల్ వినదు. అవి భూసేకరణ చట్టం కింద వేరే దారి. తమిళనాడులో పరిశ్రమల కోసం భూమి తీసుకునే 1997 నాటి సొంత చట్టం ఉంది. 2021లో సుప్రీం కోర్టు దాని పునరుద్ధరణని సమర్థించింది. పరందూరు సంగతి కూడా మీదాంతో కలపకండి. అది కొత్తగా కట్టాలనుకుంటున్న విమానాశ్రయం. 2022 నుంచి ఏకనాపురం వాళ్ళు పోరాడుతున్నది ఊరు, పొలాలు, చెరువులు మొత్తంగా పోతాయని. వాళ్ళ బాధ మీకంటే ఎన్నో రెట్లు పెద్దది, వాళ్ళ కేసులో అడగాల్సిన ప్రశ్నలు కూడా వేరు.

మీది విస్తరణ కాబట్టి మీకు ఒక వెసులుబాటు ఉంది. పాత అనుమతిలోని షరతులు పాటించారా అన్నది విస్తరణ సమయంలో తప్పనిసరిగా చూడాలి. అధికారికంగా ధ్రువీకరించిన రిపోర్టు లేకుండా ఫైలు ముందుకు కదలకూడదు. అనుమతి ఉన్న ఏ ప్రాజెక్టయినా జూన్ 1కి, డిసెంబరు 1కి అర్ధ సంవత్సర రిపోర్టులు ఇవ్వాలి. పర్యావరణ అనుమతుల ఫైళ్ళు పెట్టే మంత్రిత్వ శాఖ పరివేష్ పోర్టల్‌లో వెతకండి, దొరకకపోతే సమాచార హక్కు కింద అడగండి. వాన నీటి కాలువలు శుభ్రంగా ఉన్నాయని రిపోర్టులో రాసి, అదే నెలలో అదే కాలువ పూడిపోయిన ఫోటో మీ దగ్గర తేదీతో సహా ఉంటే, అంతకంటే గట్టి సాక్ష్యం ఇంకొకటి ఉండదు. తప్పుడు సమాచారం ఇస్తే అనుమతి రద్దు చేయవచ్చని నోటిఫికేషన్ 8వ పేరాలోనే ఉంది.

అందువల్ల ఇప్పుడు, ఏ అనుమతీ రాకముందే, మీ అసోసియేషన్‌లో ఒకరికి వారానికోసారి పరివేష్ చూసే పని అప్పగించండి. ఇంకొకరిని తాలూకా ఆఫీసుకి పంపి, మణపాక్కం, కొళపాక్కం, గెరుగంబాక్కం కాలువల పటాల నకళ్ళు తెప్పించండి. తీసుకున్న ప్రతి నకలు మీద ముద్ర, తేదీ ఉండాలి. ఈ అక్టోబరులో వానలు మొదలయ్యాక నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో గోడ మీద గీత గీసి, పక్కన టేపు పట్టి ఫోటో తీయండి. 2015 నాటి మరక ఇంకా ఏ ఇంటి గోడ మీదైనా ఉంటే, దాని ఎత్తు కొలిపించేదాకా రంగు వెయ్యొద్దని ఆ ఇంటివాళ్ళకి ఇవాళే చెప్పండి.